కొత్తగా వేసిన విండోస్ ఎంత కొత్తది? ముందు అప్‌డేట్లు, తర్వాతే షాపు పని

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుణుపురంలో ఆన్‌లైన్ సర్వీసుల షాపు, మూడు మెషీన్లు, రెండింటిలో మొన్న ఆదివారం విండోస్ 11 ఫ్రెష్‌గా వేయించావు, మూడోది పాతది, ఇంకా విండోస్ 7 మీదే నడుస్తోంది. నెట్ ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకి రెండు జీబీ. వేసిన కుర్రాడు "అప్‌డేట్లు ఆపేయండి, లేకపోతే సిస్టమ్ స్లో అయిపోతుంది, వేలిముద్రల మెషీన్ పనిచెయ్యదు, ఒక్కోసారి ఫైళ్లు కూడా పోతాయి" అని చెప్పి వెళ్లాడు, అది నిజమేనా, ఒక నెల ఆగి వేసుకుంటే ఏమవుతుంది అని అడిగావు. నేను పర్లాకిమిడిలో 2001 నుంచి ఈ రిపేర్ల పనే చేస్తున్నాను, రాయగడ, గుణుపురం, అటు పాతపట్నం దాకా తిరుగుతుంటాను. చిన్నవాడివి కాబట్టి చనువుగా నువ్వు అంటున్నా, ఏమీ అనుకోకు.

ఆపకు. ఈ రాత్రే వెయ్యి. మొదటి కస్టమర్ ఆధార్ నంబరు ఆ మెషీన్ మీద కొట్టకముందే అయిపోవాలి.

ఎందుకో చెప్తాను. నువ్వు ఆదివారం వేయించావు కాబట్టి ఆ విండోస్ ఆదివారం నాటిదని అనుకుంటున్నావు. ఆ కుర్రాడి సంచిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఎప్పుడు ఎక్కించాడో నీ విండోస్ వయసు అంత. ఏడాది క్రితం ఎక్కించుకుని అదే పెన్‌డ్రైవ్‌తో ఊరంతా వేస్తుంటే, ఆ ఏడాదిలో బయటపడ్డ లోపాలన్నీ నీ రెండు మెషీన్లలో ఇప్పుడు అలాగే ఉన్నాయి. పైగా అవి దాచిన లోపాలు కావు. కంపెనీ అప్‌డేట్ విడుదల చేసిన రోజే ఏ ఫైల్లో ఏం మార్చిందో పాతది కొత్తది పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఉంటారు, ఎక్కడ మార్చిందో తెలిస్తే కంత ఎక్కడుందో తెలిసినట్టే. అంటే నీ తాళానికి మారుతాళం సంతలో దొరుకుతోందని ప్రకటించేశారు, తాళం మార్చుకోమని కూడా చెప్పారు, మార్చుకోనివాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లడమే దొంగ పని. కీబోర్డు మీద విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి "విన్‌వర్" అని (ఇంగ్లీషులో winver) కొట్టు, వెర్షన్, దాని పక్కన బిల్డ్ నంబరు కనిపిస్తాయి. ఆ నంబరు ఏ నెలదో మైక్రోసాఫ్ట్ సైట్‌లో వెర్షన్ల వారీగా పట్టిక ఉంటుంది, చూసుకో. అది ఏ నెల అయితే నీ మెషీన్ ఆ నెలలోనే ఆగి ఉంది.

నేను ఈ మాట ఇంత గట్టిగా అనడానికి రెండు సంగతులు కారణం. 2003 ఆగస్టులో బరంపురంలో ఒక నెట్ సెంటర్‌కి ఎక్స్‌పీ వేయడానికి వెళ్లాను. ఫార్మాట్ చేసి, ఎక్స్‌పీ వేసి, నెట్ కేబుల్ పెట్టాను, టీ తాగి వచ్చేసరికి స్క్రీన్ మీద 60 సెకన్ల లెక్క వెనక్కి నడుస్తోంది, సున్నాకి రాగానే మెషీన్ రీస్టార్ట్. మళ్లీ వేశాను, మళ్లీ అదే. అది బ్లాస్టర్ అనే వార్మ్, అంటే నెట్ మీద ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే వైరస్. దాన్ని ఆపే అప్‌డేట్ అంతకు నెల ముందే, జూలైలో వచ్చింది. కానీ ఆ అప్‌డేట్ దింపుకోవాలంటే నెట్ పెట్టాలి, నెట్ పెడితే అది దిగేలోపే వార్మ్ వచ్చేస్తోంది. చివరికి వేరే చోట సీడీలో దింపుకొచ్చి, కేబుల్ తీసేసి వేశాక గానీ దారికి రాలేదు. మరుసటి ఏడాది వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 (అప్‌డేట్లన్నీ కలిపిన మూట)తో ఫైర్‌వాల్, అంటే బయటి నుంచి దూరేవాటిని ఆపే గోడ, మొదటి నుంచే ఆన్‌లో ఉండేలా మార్చారు.

రెండోది ఇప్పటికీ బాధ పెడుతుంది. 2017 ఏప్రిల్‌లో రాయగడలో ఒక చిన్న ఆఫీసుకి నాలుగు మెషీన్లలో విండోస్ 7 నేనే వేశాను. నా దగ్గరున్న డీవీడీ సర్వీస్ ప్యాక్ 1ది, అంటే 2011 నాటిది. ల్యాండ్‌లైన్ బ్రాడ్‌బ్యాండ్ చాలా నెమ్మది, అప్‌డేట్లకి రెండు రోజులు పట్టేలా ఉంది, వాళ్లు పని మొదలుపెట్టాలని తొందర, "మళ్లీ వచ్చినప్పుడు వేస్తాలెండి" అన్నాను. అందులో ఒక మెషీన్ మోడెం ద్వారా తానే డయల్ చేసి నెట్‌కి నేరుగా కలిసేది, మధ్యలో రూటర్ అడ్డం లేదు. మే 12న వన్నాక్రై వచ్చింది, ఫైళ్లకి తాళం వేసి విప్పడానికి డబ్బు అడిగే వైరస్. ఆ ఒక్క మెషీన్‌లోకి దూరి, ఫైల్ షేరింగ్ దారినే మిగతా మూడింటికీ పాకింది. ఎర్ర కిటికీ, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని. పదేళ్లుగా స్కాన్ చేసి పెట్టుకున్న భూమి కాగితాలు, జనం తెచ్చి ఇచ్చిన పట్టాల నకళ్లు, అన్నీ పోయాయి. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది. 59 రోజులు. నేను ఆ మెషీన్లు వేసిన రోజుకే అది సిద్ధంగా ఉంది, ఆ ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఉంటే సరిపోయేది. అదే వారం ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికే దొరికాయి. నెల ఆగితే ఏమవుతుంది అన్నావు కదా, నాకు తెలిసిన జవాబు అదే.

ఇప్పుడు 2003 నాటి పరిస్థితి లేదు, అది కూడా చెప్పాలి. నువ్వు ఫోన్ హాట్‌స్పాట్ వెనకాల ఉన్నావు, విండోస్ 11లో ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంటుంది, నెట్ పెట్టిన ఐదు నిమిషాల్లో ఎవరూ బయటి నుంచి దూరిపోరు. నీ షాపుకి ప్రమాదం వచ్చే దారులు వేరు. ఒకటి బ్రౌజర్. రెండోది వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో కస్టమర్ పంపే పీడీఎఫ్, జిప్ ఫైళ్లు. మూడోది, నీ షాపులో అన్నిటికన్నా పెద్దది, ప్రింట్ తీయమని జనం తెచ్చే పెన్‌డ్రైవ్‌లు. కాలేజీ పిల్లలు, కాంట్రాక్టర్లు, పంచాయతీ వాళ్లు, రోజుకి ఎన్ని పెన్‌డ్రైవ్‌లు పెడతావో లెక్క వేసుకో. 2010లో స్టక్స్‌నెట్ అనే వైరస్ వాడుకున్న లోపం ఎలాంటిదంటే, పెన్‌డ్రైవ్‌లో ఏ ఫైలూ తెరవక్కర్లేదు, ఫోల్డర్ తెరిచి ఐకాన్లు కనబడితే చాలు, లోపలి ప్రోగ్రామ్ నడిచిపోయేది. అలాంటివి మళ్లీ పుట్టవని ఎవరూ అనలేరు. నీ మెషీన్ మీద జనం ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు, పింఛను కాగితాలు ఉంటాయి. ఒక సవర ముసలామె పుట్టాసింగి నుంచి బస్సెక్కి వచ్చి నీ దగ్గర వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకుంటుంది, ఆమె ఆ మెషీన్‌ని నమ్మి కాదు, నిన్ను నమ్మి వస్తుంది.

ఆ కుర్రాడు చెప్పిన మూడు మాటలకి వద్దాం. వాటిలో పూర్తిగా అబద్ధం ఏదీ లేదు, అందుకే జనం నమ్ముతారు.

స్లో అవుతుంది అన్నది: కొత్తగా వేసిన మొదటి రోజు, అప్‌డేట్లు దిగుతున్నప్పుడు నిజంగానే అవుతుంది. వెనకాల డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) స్కాన్ చేస్తుంది, ఫైళ్ల ఇండెక్స్ తయారవుతుంది, అప్‌డేట్ విప్పుకుంటుంది, హార్డ్ డిస్క్ అయితే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వంద శాతం చూపిస్తుంది. ఆ టైంలో చూసి భయపడి ఆపేస్తారు. రాత్రి వదిలేస్తే పొద్దుటికి సర్దుకుంటుంది. మూడో రోజుకి కూడా స్లోగా ఉంటే అది అప్‌డేట్ తప్పు కాదు, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించు, చిన్నదైనా సరే.

ఫైళ్లు పోతాయి అన్నది 2018 అక్టోబర్ 2న వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి పుట్టిన మాట. కొంతమందికి డాక్యుమెంట్స్ ఫోల్డర్లు చెరిగిపోయాయి, నాలుగు రోజులకే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ విడుదల చేశారు. కానీ అది ఏడాదికి ఒకటో రెండో వచ్చే పెద్ద వెర్షన్ మార్పు. ప్రతి నెలా వచ్చే భద్రతా అప్‌డేట్ వేరు. పెద్ద వెర్షన్‌కి కొన్ని వారాలు ఆగు, నేనూ ఆగుతాను, నువ్వున్న వెర్షన్‌కి గడువు ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. నెలవారీ భద్రతా అప్‌డేట్‌కి మాత్రం ఆగొద్దు. ఈ రెండింటినీ కలిపి "అప్‌డేట్లు" అనేసరికి ఒకదాని చెడ్డపేరు రెండోదానికి అంటుకుంది.

వేలిముద్రల మెషీన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీ సంపాదన దాని మీదే. ఒక్కోసారి నెలవారీ అప్‌డేట్ కూడా పరికరాలకి ఇబ్బంది తెస్తుంది. 2021లో ప్రింట్ స్పూలర్‌లో, అంటే ప్రింట్లని వరసలో పెట్టి పంపే భాగంలో, పెద్ద లోపం పడితే దాన్ని పూడ్చిన అప్‌డేట్ల తర్వాత చాలా చోట్ల షేరింగ్ ప్రింటర్లు ఆగిపోయాయి, నేనే ఎన్నో షాపులు తిరిగాను. కానీ విండోస్ 11లో వేలిముద్ర పరికరం పనిచెయ్యకపోతే నేను ముందు చూసేది మెమరీ ఇంటెగ్రిటీ అనే సెట్టింగ్, విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ కింద ఉంటుంది. అది పాత డ్రైవర్లని లోపలికి రానివ్వదు. చాలామంది దాన్ని ఆపేసి పని నడిపిస్తారు, నువ్వు అలా చెయ్యకు, పరికరం కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవరు, కొత్త ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్రని ఆధార్ పనికి భద్రంగా పంపే ప్రోగ్రామ్) దింపుకుని వెయ్యి. పాత సీడీలో వచ్చిందో, పక్క షాపు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదో వెయ్యకు. ఇంకొక జాగ్రత్త, నీకు రెండు మెషీన్లు ఉన్నాయి కదా, ఒకేసారి రెండూ అప్‌డేట్ చెయ్యకు. మొదట ఒకటి చెయ్యి, మర్నాడు వేలిముద్ర, ప్రింటర్, స్కానర్ చూసుకో, అన్నీ బాగుంటే రెండోదానికి వెయ్యి. తేడా వస్తే అప్‌డేట్ హిస్టరీలో అన్‌ఇన్‌స్టాల్ అని ఉంటుంది, ఆ ఒక్కదాన్నీ వెనక్కి తీసి, పాజ్ నొక్కి ఒక వారం ఆగొచ్చు.

సరే, ఎలా వెయ్యాలో. ముందు కింద మూల గడియారం చూడు, తేదీ సరిగ్గా ఉందా? నవ్వులాటగా అనిపించొచ్చు గానీ, మా దగ్గరికి "అప్‌డేట్ అవ్వట్లేదు" అని వచ్చే పాత మెషీన్లలో చాలావాటికి రోగం ఇదే. బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, తేదీ తప్పయితే సర్టిఫికెట్లు చెల్లవు, సర్వరు మాట్లాడదు. సీఆర్ 2032 అని అడుగు, వాచీ షాపులో కూడా దొరుకుతుంది. తర్వాత సీ డ్రైవ్‌లో కనీసం ఇరవై జీబీ ఖాళీ ఉంచు. ఎర్రర్ నంబరు చివర 80070070 అని ఉంటే చోటు చాలలేదని అర్థం. నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే అలాగే ఉంచు, ప్రైవేట్ చేసి ఫోల్డర్లు షేర్ చేసుకోవడం అప్‌డేట్లన్నీ అయ్యాక చూసుకోవచ్చు.

ఆపైన సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, చెక్ ఫర్ అప్‌డేట్స్. దిగినవి వేసుకుని రీస్టార్ట్ అడుగుతుంది, చెయ్యి. అక్కడితో అయిపోయిందనుకుని చాలామంది లేచిపోతారు. మళ్లీ చెక్ నొక్కు, ఇంకేదో వస్తుంది, మళ్లీ రీస్టార్ట్, మళ్లీ చెక్. అప్ టు డేట్ అని చెప్పేదాకా, మామూలుగా రెండు మూడు విడతలు. విండోస్ 7 రోజుల్లో లాగా వందల అప్‌డేట్లు ఉండవు, ఇప్పుడు ఆఖరిదాన్ని వేస్తే పాత నెలలవన్నీ అందులోనే ఉంటాయి. డాట్‌నెట్ (కొన్ని ప్రోగ్రాములు నడవడానికి కావలసిన విండోస్ భాగం)ది మాత్రం విడిగా వస్తుంది. ప్రివ్యూ అని రాసి ఉన్నవి వదిలెయ్, అవి వచ్చే నెలకి ముందు పరీక్షకి ఇచ్చేవి. ఆప్షనల్ కింద ఉన్న డ్రైవర్లు ఏదైనా పనిచెయ్యకపోతేనే ముట్టుకో. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఇతర మైక్రోసాఫ్ట్ ఉత్పత్తుల అప్‌డేట్లు కూడా తీసుకో అనే బటన్ ఉంది, నీకు ఆఫీస్ ఉంటే అది ఆన్ చెయ్యి.

విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి ప్రొటెక్షన్ అప్‌డేట్స్ కూడా ఒకసారి చేతితో నొక్కు, వైరస్‌ల వివరాలు రోజుకి చాలాసార్లు మారుతుంటాయి. బ్రౌజర్ తెరిచి అబౌట్ పేజీ చూడు, అది అక్కడే తనని తాను అప్‌డేట్ చేసుకుంటుంది. ఇక విన్‌రార్, జిప్ ఫైళ్లు విప్పే ప్రోగ్రామ్. మన షాపుల్లో అది లేని మెషీన్ లేదు, ఆ కుర్రాడు కూడా వేసే ఉంటాడు, కానీ అది తనంతట తాను అప్‌డేట్ అవ్వదు, ఎన్నేళ్లయినా వేసిన వెర్షనే ఉండిపోతుంది. 2023లో దాంట్లో పడ్డ లోపంతో ఫొటో లాగా కనిపించే ఫైలు మీద నొక్కితే వెనకాల వేరేది నడిచేది, 6.23లో సరిచేశారు. 2025లో ఇంకోటి పడింది, 7.13లో సరిచేశారు. నీ దగ్గర అంతకన్నా పాతది ఉంటే ఇవాళే తీసేసి కొత్తది వెయ్యి.

డేటా గురించి. రోజుకి రెండు జీబీతో రెండు మెషీన్లకి ఇబ్బందే, అది నాకు తెలుసు. హాట్‌స్పాట్‌ని సెట్టింగ్స్‌లో మీటర్డ్ (డేటా పరిమితి ఉన్న నెట్) అని గుర్తు పెట్టి ఉంటే అప్‌డేట్ దిగకుండా ఆగి, నువ్వు డౌన్‌లోడ్ నొక్కేదాకా చూస్తుంది, అది పాడైందనుకోకు. ఒక్క రాత్రికి డేటా ప్యాక్ అదనంగా వేయించుకోవడమో, ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికి సీపీయూ మోసుకెళ్లడమో చెయ్యి, ఒక్కసారి చెయ్యాల్సిన పని. నెలనెలా అయితే ఇంత ఉండదు. ఇంకో ఉపాయం, రెండు మెషీన్లూ ఒకే వైఫై మీద ఉన్నప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటుంది, దాంట్లో మన నెట్‌వర్క్‌లోని మెషీన్ల నుంచి తీసుకోవడానికి ఒప్పుకో. మొదటిది దింపుకున్న ముక్కల్ని రెండోది దాని దగ్గరే తీసుకుంటుంది, నెట్ కొద్దిగానే ఖర్చవుతుంది. ఆ ముక్కలు మూడు రోజులు మాత్రమే దాచి ఉంచుతుంది, కాబట్టి రెండో మెషీన్‌కి నాలుగో రోజు దాకా ఆగకు. ఇది కూడా కుదరకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అనే సైట్‌లో కేబీ నంబరుతో (ప్రతి అప్‌డేట్ పేరులో కేబీ అని మొదలయ్యే అంకె) వెతికితే ఫైలు విడిగా దొరుకుతుంది, జీబీల్లో ఉంటుంది, ఎక్కడైనా దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని డబుల్ క్లిక్ చేస్తే వేసుకుంటుంది. 2017లో నేను చెయ్యని పని అదే, ఇప్పుడు నా సంచిలో ఆ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది.

కరెంటు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలివాన కమ్ముకొస్తుంటే అప్‌డేట్ మొదలుపెట్టకు. మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు విండోసే వెనక్కి తిప్పుకుని పాత స్థితికి వస్తుంది, కానీ చాలాసార్లు అన్నదాన్ని నమ్ముకోకూడదు, యూపీఎస్ బ్యాటరీ పదిహేను నిమిషాలైనా నిలబడేలా చూసుకో. తిత్లీ తుఫాను గుర్తుందా, 2018 అక్టోబర్ 11? దానికి రెండు రోజుల ముందే, 9వ తేదీన ఆ నెల అప్‌డేట్లు వచ్చాయి. గజపతి జిల్లాలో కరెంటు, టవర్లు రోజుల తరబడి లేవు, తిరిగి వచ్చాక అందరూ పరిహారం దరఖాస్తుల మీద పడ్డారు, అప్‌డేట్ సంగతి ఎవరికీ గుర్తు లేదు. అలాంటి తర్వాతి రోజుల్లోనే ఎక్కువ ఆధార్ నకళ్లు చేతులు మారతాయి. కాబట్టి ఒక అలవాటు చేసుకో: అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం, మన టైంలో రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో వస్తాయి. బుధవారం రాత్రి షాపు మూసేటప్పుడు మొదటి మెషీన్, శుక్రవారం రాత్రి రెండోది. క్యాలెండర్‌లో రాసిపెట్టుకో.

ఇంకొకటి అడగాలి, నిజం చెప్పు. ఆ కుర్రాడు విండోస్ యాక్టివేట్ చెయ్యడానికి డిఫెండర్ ఆపాడా? లేదా లైట్ వెర్షన్ అని ఏదైనా వేశాడా? సర్వీసెస్ తెరిచి విండోస్ అప్‌డేట్ అనే పేరు చూడు. డిసేబుల్డ్ అని ఉన్నా, అసలు ఆ పేరే లేకపోయినా, నేను పైన చెప్పిందంతా ఆ మెషీన్‌కి పనికిరాదు. ఎవరో కోసి అతికించిన విండోస్‌కి అప్‌డేట్లు వేసి లాభం లేదు, లోపల ఏం పెట్టారో వాళ్లకే తెలుసు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో మళ్లీ మొదటి నుంచి వెయ్యి. రెండో ఆదివారం కూడా పోతుంది, తెలుసు, అయినా అదే చెయ్యి. జనం వేలిముద్రలు పెట్టే మెషీన్ మీద అలాంటిది ఉండకూడదు.

మూడో మెషీన్‌కి వస్తే, విండోస్ 7కి అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి, దాన్ని నెట్ నుంచి ఇవాళే తీసెయ్. విండోస్ 10 వేద్దామా అంటే దానికీ మామూలు గడువు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, పేరు నమోదు చేసుకుంటే ఇచ్చే అదనపు గడువు కూడా 2026 అక్టోబర్ 13 దాకానే. 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఆ మెషీన్‌కి ఉండదు. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత సిస్టమ్ వెయ్యి, ఫారాలు టైప్ చెయ్యడానికి, ప్రింటుకి, ఒడియా, తెలుగు రెండూ కొట్టుకోవడానికి చక్కగా సరిపోతుంది. వేలిముద్ర పని మాత్రం ఆ రెండింటి మీదే ఉంచు. అక్కడ కూడా వేయగానే కింద పట్టీలో డాలు బొమ్మ కనబడుతుంది, అదే అప్‌డేట్ మేనేజర్, మొదటి రోజే దాన్ని నొక్కి అన్నీ వేసుకో. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) చేస్తానంటే ఒక్కటి గుర్తుంచుకో, ఆప్ట్ అప్‌డేట్ అని కొడితే జాబితా మాత్రమే తాజా అవుతుంది, ఆప్ట్ అప్‌గ్రేడ్ కొడితేనే నిజంగా వేస్తుంది. మొదటిది కొట్టి అయిపోయిందనుకున్న మెషీన్లు నేను చాలా చూశాను.

విన్‌వర్‌లో కనిపించిన బిల్డ్ నంబరు, వేలిముద్ర పరికరం మోడల్, ఆ పాత మెషీన్‌లో ర్యామ్ ఎంతో రాయి. వచ్చే వారం రాయగడ పని మీద గుణుపురం మీదుగానే వెళ్తాను, నీ రెండో మెషీన్‌కి డేటా చాలకపోతే ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిపెడతాను.